స్ట్రెంగ్త్ 20 అంటే రెండు 10లా?

డైస్ వేస్తూ ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట మీద ఒక ఫార్వర్డ్ ఈ మధ్య తెగ తిరుగుతోంది. మా గ్రూపులోకే మూడుసార్లు వచ్చింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "ఈ ఆటలో బలానికి ఇచ్చే అంకె ఒట్టి బూటకం. మామూలు మనిషికి 10, మహా బలశాలికి 20, ఏనుగుకి 22. అంటే వస్తాదు ఇద్దరు మామూలు మనుషులతో సమానం, ఏనుగు అతనికన్నా రెండంటే రెండే ఎక్కువ. ఆర్మ్ రెజ్లింగ్‌లో ఆ వస్తాదు మామూలు మనిషి చేతిలో నాలుగింట ఒకసారి ఓడిపోతాడు. ప్రపంచ రికార్డు బరువు ఎత్తడం ఎవరి వల్లా కాదు. ఆడ క్యారెక్టర్లకి బలం ఇప్పటికీ తక్కువే ఇస్తారు. ఈ రూల్స్ రాసినవాళ్ళు జన్మలో బస్తా ఎత్తి ఉండరు."

చివరి మాటకి నేనూ నవ్వాను. మిగతావాటిలో ఒకటి నిజం, ఒకటి ఎప్పుడో చెల్లిపోయిన నిజం. మిగిలినవి రూల్ సగం చదివి పుస్తకం మూసేసినవాళ్ళ మాటలు.

ముందు ఆ "ఇద్దరు మనుషుల" లెక్క. 1974లో ఆట మొదలైనప్పుడు ఈ స్ట్రెంగ్త్ (బలం) అంకె మూడు డైస్ వేసి కూడితే వచ్చేది. మూడు డైస్ 216 రకాలుగా పడతాయి. 10 రావడానికి 27 దారులుంటే, 18 రావడానికి ఒక్కటే దారి, మూడూ ఆరు పడాలి. అంటే 18 ఉన్నవాడు 216 మందిలో ఒకడు. అది కిలోల లెక్క కాదు, ఒక రకం ర్యాంకు. ఎంసెట్‌లో వందో ర్యాంకువాడికి రెండొందలో ర్యాంకువాడికన్నా రెట్టింపు తెలివి ఉందని ఎవరూ అనరు కదా.

బరువుల పట్టిక వేరే ఉంటుంది. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో స్ట్రెంగ్త్ 10 ఉన్నవాడు మొయ్యగలిగేది 100 పౌండ్లు, 15 అయితే 200, 20 అయితే 400. రెట్టింపు కాదు, నాలుగింతలు. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో లెక్క తేలికగా ఉండాలని మోసే బరువుకి స్ట్రెంగ్త్‌ని 15తో, ఎత్తే బరువుకి 30తో గుణించి వదిలేశారు. ఫార్వర్డ్ రాసినాయన చూసింది ఆ ఒక్క గుణకారమే.

ఏనుగు జోకుకీ ఇదే తిప్పలు. ఆ గుణకారం కిందే ఇంకో వాక్యం ఉంది: మనిషి సైజు దాటిన ప్రతి మెట్టుకీ బరువు రెట్టింపు. ఏనుగు రెండు మెట్లు పైన ఉంది కాబట్టి నాలుగింతలు. 22ని 30తో గుణించి, మళ్ళీ నాలుగుతో గుణిస్తే 2,640 పౌండ్లు, అంటే దాదాపు 1,200 కిలోలు. వస్తాదుకి వచ్చేది 600 పౌండ్లు, 272 కిలోలు. పోనీ ఏనుగుతో కలబడదామన్నా కుదరదు. తనకన్నా ఒక మెట్టు మించి పెద్దదాన్ని పట్టుకోవడం, నెట్టడం మనిషి సైజువాడికి రూల్ ప్రకారమే చెల్లదు.

ఇక ఆర్మ్ రెజ్లింగ్. లెక్క చేసి చూశాను, అంకె తప్పేం కాదు. ఇరవై ముఖాల డైస్ చెరొకటి వేస్తారు, వస్తాదు తన దానికి, స్ట్రెంగ్త్ 20కి దక్కే 5 కలుపుకుంటాడు; 10 ఉన్న మామూలు మనిషికి కలిసేదేం లేదు. మొత్తం 400 రకాలు. వాటిలో మామూలు మనిషి గెలిచేవి 105, సమానంగా వచ్చేవి 15. నూటికి 26 అన్నమాట. కానీ అసలు డైస్ ఎప్పుడు వెయ్యాలి? ఫలితం అటో ఇటో తేలనప్పుడే వెయ్యమని పుస్తకం చెబుతోంది. దాన్ని తేల్చడం ఆట నడిపే డీఎమ్ పని.

పోయినేడాది మా టేబుల్ మీద (డీఎమ్‌ని నేనే) అచ్చం ఇదే జరిగింది. సత్రంలో మా బార్బేరియన్‌తో (మోటు యోధుడి పాత్ర, స్ట్రెంగ్త్ 20) పందానికి దిగుతానని బక్క మాంత్రికుడు (8) ఎగబడ్డాడు. "డైస్ వెయ్యనా అన్నా?" అని ఇరవై ముఖాలది గలగలలాడిస్తున్నాడు. "అక్కర్లేదు తమ్ముడూ, ఓడిపోయావ్. చెయ్యి ఎంతసేపు నొప్పెడుతుందో దానికి వెయ్యి" అన్నాను. కాసేపు ఆలోచించి, "అరచేతికి దీపం నూనె రాసుకుని కూర్చుంటే?" అన్నాడు. ఇప్పుడు వెయ్యమన్నాను. అతనికి 19, అవతల 4. సత్రమంతా గోల. ఆ డైస్ కండకి కాదు, నూనెకి పడింది.

నిజంగా పోటీలా ఆడించాలనుకుంటే ఐదింట మూడు గెలవాలని పెట్టండి. ఆ 26 శాతం దాదాపు 13కి దిగుతుంది. కుస్తీలాంటి వాటికైతే అథ్లెటిక్స్ నైపుణ్యం కూడా కలుస్తుంది. తొమ్మిదో లెవెల్ వస్తాదుకి అది ఇంకో 4. అప్పుడు ఒక్క పట్టులోనే మామూలు మనిషి అవకాశం 14 శాతం లోపు.

ఆడ క్యారెక్టర్ల మాటకొస్తే, 1978 పుస్తకంలో మనుషుల్లో ఆడవాళ్ళకి 18/50 దాటకూడదని, మగవాళ్ళకి 18/100 దాకా ఉండొచ్చని నిజంగానే రాశారు (గీత తరవాతది 18 వచ్చినవాళ్ళలో ఎవరు ఎంత బలవంతులో చెప్పే, వంద దాకా వెళ్ళే అంకె). సిగ్గుపడాల్సిన రూలే. 1989లో రెండో ఎడిషన్‌తో ఎత్తేశారు. ఇంకా "ఇప్పటికీ" ఏమిటి?

రికార్డు విషయంలో మాత్రం ఫార్వర్డ్‌కే నా ఓటు. 2016లో బ్రిటన్ బలశాలి ఎడ్డీ హాల్ 500 కిలోలు డెడ్‌లిఫ్ట్ చేశాడు, అంటే నేల మీంచి ఎత్తి నిటారుగా నిలబడ్డాడు. ఐదో ఎడిషన్‌లో ఆటగాడి స్ట్రెంగ్త్ మామూలుగా 20 దగ్గర ఆగుతుంది, అంటే 272 కిలోలు. అటు చూస్తే స్ట్రెంగ్త్ 10 వాడు 136 కిలోలు, అంటే ఐదు బియ్యం బస్తాలు దాటి ఎత్తేస్తాడు. ఒక్క 25 కిలోల బస్తా మూడో అంతస్తుకి చేర్చేసరికి నాకు ఆయాసం వస్తుంది! బలహీనుణ్ణి పైకి లేపి బలవంతుణ్ణి కిందికి నొక్కిన లెక్క ఇది.

అయితే ఇది ఆ ఒక్క గుణకారం తప్పు, రోల్ ప్లేయింగ్ ఆటలన్నిటిదీ కాదు. గర్ప్స్ అనే ఇంకో ఆట నాలుగో ఎడిషన్‌లో బలాన్ని దానితోనే గుణించి ఐదో వంతు తీసుకుంటారు కాబట్టి 10కీ 20కీ తేడా నాలుగింతలు. సూపర్‌హీరోల ఆట ఛాంపియన్స్‌లో 10 ఉన్నవాడు 100 కిలోలు ఎత్తుతాడు, ఆపైన ప్రతి 5 పాయింట్లకీ రెట్టింపు. ఎడ్డీ హాల్ 20కీ 25కీ మధ్య హాయిగా కూర్చుంటాడు. భారతంలో భీముడికి పదివేల ఏనుగుల బలం. ఐదో ఎడిషన్ లెక్కలో మనిషి సైజు భీముడికి అది ఇవ్వాలంటే స్ట్రెంగ్త్ గడిలో 8,80,000 రాయాలి. ఛాంపియన్స్‌లో ఏనుగుకి ఎంత ఉంటే దానికి ఇంకో 67 కలిపితే చాలు.