సగం ధర గేటు దగ్గరే

బయటి దేశంలో తయారు చేయిస్తే ఖర్చు సగమవుతుందని మీ వ్యాసంలో రాశారు. సగమయ్యేది ఓడ కిరాయి, సుంకం కలపకముందు ఫ్యాక్టరీ గేటు దగ్గరి ధరే సార్. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర మాది చిన్న ఫ్యాన్సీ షాపు. చైనాలోని యీవూలో మా డిజైన్‌తో కీచైన్లు చేయించాను. 30 శాతం అడ్వాన్సు, మిగతా 70 సరుకు ఓడెక్కకముందే కట్టేశాను. శాంపిల్ బంగారంలా ఉండింది. పెట్టె విప్పితే గోరు తగిలినచోటల్లా పూత రాలింది. డబ్బంతా పోయినాక ఎవరినడగాలి? లోడింగుకు ముందే మూడో మనిషితో తనిఖీ చేయించుకోవాలట, ఈ వ్యాసంలోనూ ఆ మాట లేదు. పైగా చెన్నై పోర్టులో ఒక కాగితం తక్కువై సరుకు ఆగింది, రోజుకింతని అద్దె. బ్రహ్మోత్సవాలకని తెప్పించిన సరుకు దీపావళికి షాపు చేరింది!

పిల్లల బొమ్మలైతే ఇంకా కష్టం. 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి, ఆ గుర్తు వేసే లైసెన్సు అక్కడి ఫ్యాక్టరీయే తీసుకోవాలి. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెంచారు.

ఇప్పుడు రేణిగుంట రోడ్డులో ఒక చిన్న వర్క్‌షాపులో చేయిస్తున్నా. ఒక్కోటి నాలుగు రూపాయలు ఎక్కువే. బాగోలేకపోతే బండేసుకుపోయి ఆయన ముందే పెట్టె బోర్లించి అడుగుతా.