ఆ రెండో గేరు రాడ్డు ఎందుకిచ్చారో తెలుసా బాబూ?

ఇప్పుడే గ్రూపులో ఒక వీడియో పడింది. ఒడిశాలోని కోరాపుట్ జిల్లా, పొట్టంగి పైన కొండల్లో ఎర్రమట్టి దారి, వాన వెలిసిన తడి ఇంకా ఆరలేదు, మధ్యలో నల్ల మహీంద్రా థార్ జీపు. నాలుగు చక్రాలూ గిరగిరా తిరుగుతున్నాయి, బురద చెట్టెత్తున లేస్తోంది, లోపలున్నవాళ్లకి అదే పండగ. కింద రాత: "మనిషి అడుగుపెట్టని దారిలో మా బీస్ట్". అడుగుపెట్టని దారట! మరి ఆ దారి ఎవరు వేశారు, నక్కలా? పక్కనే చోడి చేను, దాని చుట్టూ వెదురు దడి, అవతల అల్లం మళ్లు, అన్నీ ఆ వీడియోలోనే కనబడుతున్నాయి. చూసి ఊరుకోబుద్ధి కాలేదు. పోస్టు పొడుగ్గానే ఉంటుంది, ఓపిక లేనివాళ్లు ఇంకో రీల్ చూసుకోండి.

ముందు ఆ చక్రాల సంగతి. చక్రం తిరుగుతోంది, బండి కదలడం లేదు. అంటే అది గొయ్యి తవ్వుతోందని అర్థం. ఈ ఎర్రమట్టి తడిస్తే టైరు గాళ్లలోకి దూరి, పూర్ణం బూరెలా గుండ్రంగా నున్నగా తయారుచేస్తుంది. ఆ తర్వాత మీరెంత రైజ్ చేసినా పట్టు దొరకదు, గొయ్యి మాత్రం లోతవుతుంది. జానెడు దిగేసరికి బండి బొడ్డు మధ్య గట్టుకి ఆనుతుంది, చక్రాల మీద బరువు పోతుంది, ఇక ఇంద్రుడొచ్చి తొక్కినా అంతే. "ఫోర్ బై ఫోర్ కదా, నాలుగు చక్రాలూ లాగుతాయి" అంటారు. అయితే ఏంటి? డిఫరెన్షియల్ లాక్ (రెండు పక్కల చక్రాలనీ కలిపి తిప్పే బిగింపు) లేని బండిలో ముందు ఒక చక్రం, వెనక ఒక చక్రం తేలాయంటే బలమంతా తేలినవాటికే పోతుంది. నేల మీదున్న రెండూ చోద్యం చూస్తాయి.

మరేం చెయ్యాలి? కదలడం ఆగిన క్షణానే యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యాలి. ఇదొక్కటి చేస్తే సగం కష్టం తప్పుతుంది, ఇదొక్కటే ఎవరూ చెయ్యరు, ఎందుకంటే వీడియోలో బాగోదు. దిగి కింద వంగి చూడాలి, బొడ్డు ఆనిందో లేదో. ఆనితే పార తీసి కింద మట్టి తోడాలి, చక్రం ముందు నిట్టనిలువు గోడ లేకుండా ఏటవాలుగా చెక్కాలి. టైర్ల గాలి 18 పీఎస్ఐ దాకా దించాలి. ట్రాక్షన్ బోర్డులు (చక్రం కింద పట్టు కోసం పెట్టే పలకలు) ఉంటే సరే, లేకపోతే చదునైన రాళ్లు, ఎండు కొమ్మలు. ఎండువే, చెట్టు విరిచి పచ్చివి కాదు. స్టీరింగ్ తిన్నగా ఉంచి, ఫోర్ లోలో (ఆ రెండో గేరు రాడ్డుతో వేసేది, నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగుతాయి) మొదటి గేరు కాకుండా రెండో గేరులో మెల్లిగా. మొదటి గేరులో లాగుడు మరీ ఎక్కువై చక్రం మళ్లీ తిరుగుతుంది. ముందుకి రాకపోతే వచ్చిన గాడిలోనే వెనక్కి, అక్కడ నేల అప్పటికే అణిగి ఉంటుంది.

టైరు గాలి అంటే గుర్తొచ్చింది. తారు మీద 32 ఉండే గాలి, మట్టిదారి మొదలవగానే 22కి దించుకుంటే టైరు పరుచుకుని నేలని పట్టుకుంటుంది, రాయి తగిలినా చీలకుండా వంగుతుంది. మరీ 12కి దించితే మలుపులో టైరు రిమ్ము మీంచి ఊడుతుంది. పంప్ కొన్నవాళ్లు దాన్ని సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చి ఫ్యూజు కాల్చుకుంటారు. పెద్ద పంప్ అయితే క్లిప్పులు నేరుగా బ్యాటరీకి పెట్టాలి, ఇంజిన్ ఆన్‌లో ఉంచాలి. పంక్చర్ కిట్‌లో పురికొసలు టైరు నేలకి ఆనే భాగం మీద పనిచేస్తాయి, పక్క గోడ చీలితే పనిచెయ్యవు. స్టెప్నీలో గాలుందో లేదో ఇంటి దగ్గర చూసుకునే నాథుడు కనబడితే చెప్పండి, దండేస్తా.

ఇంతకీ నా మంట బండి దిగబడిందని కాదు. దిగబడనీ, వాళ్ల బండి వాళ్లిష్టం. ఆ దారి వాళ్లది కాదు.

కోరాపుట్ కొండల మీద ఏడాదికి 1500 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే. వాలు మీద టైరు తవ్విన గాడి ఒకటి దొరికితే వాన నీళ్లకి అంతకంటే ఏం కావాలి? మొదటి వానకి సన్నమట్టి కొట్టుకుపోతుంది. రెండో వానకి అంచులు విరిగి పడతాయి. ఆ సీజను అయ్యేసరికి మోకాలి లోతు కాలువ, అడుగున గుండ్రాళ్లు. అప్పటిదాకా ఆ దారిలో వారానికోసారి కమాండర్ జీపు ఎక్కేది. లోపల ఇరవై మంది, పైన పసుపు బస్తాలు, వెనక వేలాడుతూ ఇద్దరు, కుందులి సంతకి. అది ఫోర్ బై ఫోర్ కూడా కాదండీ! సన్నటి 6.00-16 టైర్లు మెత్తటి బురదని కోసుకుంటూ అడుగునున్న గట్టి నేలని అందుకుంటాయి, డ్రైవరుకి ఏ రాయి ఎక్కడుందో కంఠతా. అలాంటివాడు కూడా గాడిని చూసి, "నేనింక పైకి రాను" అని కిందే ఆపేస్తాడు. ఆ రోజు నుంచి బస్తాలు కావిళ్ల మీద, ఒంట్లో బాగోలేనివాళ్లు డోలీలో. 108 ఎలాగూ తారు రోడ్డు దాకానే వస్తుంది.

ఆ గాడి పూడ్చేది ఎవరు? "బీస్ట్" ఓనరా? ఊళ్లో ఇంటికొకరు గునపం, పార, తట్ట పట్టుకుని ఒక రోజు కూలి పోగొట్టుకుని పూడ్చాలి. ఊరికే మట్టి పోస్తే మళ్లీ వానకి పోతుంది. అడుగున పెద్ద రాళ్లు, మీద చిన్నవి, ఆ మీద గ్రావెల్, దిమ్మిస. దారికి అడ్డంగా ఏటవాలు కాలువ తీసి నీళ్లు పక్కకి మళ్లించాలి, వాలు ఎంత నిటారుగా ఉంటే ఈ కాలువలు అంత దగ్గర దగ్గరగా. ఇదంతా ఆ ఊరివాళ్లకి తెలుసు, ఏ క్లబ్బూ నేర్పలేదు. బండి లాగిపెట్టినందుకు వాళ్ల చేతిలో రెండొందలు పెట్టి, సెల్ఫీ దిగి, "ఇక్కడి జనం ఎంత అమాయకులో" అని పెడతారు చూడండి, అక్కడ మండుతుంది నాకు. వానాకాలం మట్టిదారి ఎక్కకండి. నీళ్లు ఇంకాక, బూటు మడమతో నొక్కితే ముద్ర అరంగుళం దిగకపోతే అప్పుడు ఎక్కండి.

ఇక బండ్లు. 2023 జనవరి నుంచి వెనక చక్రాలు మాత్రమే లాగే థార్ కూడా అమ్ముతున్నారు. పై నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. కొనుక్కోండి, తప్పు లేదు, కానీ ఆ రెండో గేరు రాడ్డు లేని బండితో దేవమాలి పచ్చిక మీదికి ఎక్కి గిరికీలు కొట్టడమెందుకు? శిఖరం దగ్గర దాకా రోడ్డుంది మహాప్రభో! 1672 మీటర్లు, ఒడిశాలోనే ఎత్తైన కొండ, రోడ్డు మీద వెళ్లినా ఎత్తు తగ్గదు. రాడ్డు ఉన్నవాళ్లయినా వాడతారా అంటే అదీ లేదు. ఫోర్ హైలో (నాలుగు చక్రాలూ మామూలు వేగంతో లాగేది) మొదటి గేరు వేసి, హాఫ్ క్లచ్ మీద కొండెక్కించి, క్లచ్ ప్లేట్ మాడిన వాసన వస్తే "బండి వేస్ట్" అంటారు. ఎత్తు మొదలవకముందే బండి ఆపాలి, న్యూట్రల్ చెయ్యాలి, క్లచ్ తొక్కి ఫోర్ లో వెయ్యాలి. దిగేటప్పుడూ ఫోర్ లో, మొదటి గేరు, క్లచ్ మీద కాలు అస్సలు పెట్టకూడదు, ఇంజినే పట్టుకుంటుంది. ఎక్కుతూ మధ్యలో ఇంజిన్ ఆగిపోతే స్టీరింగ్ తిప్పి మళ్లించాలని చూడొద్దు, అడ్డం తిరిగిన బండి దొర్లుతుంది. బ్రేక్ గట్టిగా పట్టి, రివర్స్ గేరు వేసి, వచ్చిన దారినే తిన్నగా వెనక్కి రావాలి.

కొంతమంది దీనికి రివర్స్. సుంకి ఘాటీలో ఎండిన తారు రోడ్డు మీద "సేఫ్టీకి" ఫోర్ హై వేసుకుని దిగుతారు. ఈ బండ్లలో ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేరువేరు వేగాల్లో తిరగనిచ్చే సెంటర్ డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ తిరగాల్సిన దూరం ఒకటి కాదు, తారు మీద జారే వీలుండదు, ఆ మెలికంతా ట్రాన్స్‌ఫర్ కేస్ (బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే గేరు పెట్టె) మీద పడుతుంది. స్టీరింగ్ బిగుసుకుంటుంది, టైర్లు అరుస్తాయి. వీళ్లు మాత్రం పాట సౌండు పెంచుతారు.

ముందు ఇనుప బుల్ బార్ లేనిదే బండి బండిలా కనిపించదు కొందరికి. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ అవి చట్టవిరుద్ధమని, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తాయని చెప్పింది. ఎవరు వింటారు!

గెడ్డల (కొండవాగుల) దగ్గర చేసే విన్యాసాలు ఇంకో భాగవతం. 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో వెళ్లొచ్చని కంపెనీ రాసింది కదాని దూకిస్తారు. ఆ లెక్క కదలని నీళ్లకి. పారే నీళ్లు రెండడుగులుంటే చాలు, పెద్ద బండ్లని కూడా పక్కకి నెట్టేస్తాయి. ముందు కర్ర పట్టుకుని మనిషి నడిచి దాటాలి, నడవలేని నీళ్లలోకి బండి దింపకూడదు. మన మీద ఎండ కాస్తున్నా పైన కొండ మీద వాన పడుతుండొచ్చు. నీళ్లు ఎర్రబడి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయంటే గెడ్డ పెరుగుతోందని, అక్కడి పిల్లాణ్ని అడిగినా చెప్తాడు. దిగాక మనిషి నడక వేగం, ఒకటే గేరు, ఆపొద్దు, గేరు మార్చొద్దు. మధ్యలో ఇంజిన్ ఆగిందా, తాళం మళ్లీ తిప్పొద్దు. సిలిండర్లోకి నీళ్లు వెళ్తే గాలిలా అణగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బయటికి లాగించి, ఎయిర్ ఫిల్టర్ విప్పి, అది తడిస్తే డీజిల్ ఇంజిన్‌కైతే గ్లో ప్లగ్గులు తీసి, ఇంజిన్‌ని చేత్తో తిప్పి నీళ్లు కక్కించాలి. మామూలు ఇన్సూరెన్స్‌లో ఇది రాదు, ఇంజిన్ ప్రొటెక్ట్ విడిగా కట్టి ఉండాలి. ఒడ్డెక్కాక బ్రేకులు మెల్లగా నొక్కుతూ ఆరబెట్టుకోవాలి, మర్నాడు డిఫరెన్షియల్ ఆయిల్ చూడాలి, పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయన్నమాట.

దిగబడ్డ బండిని లాగే తాడు గురించి రెండు ముక్కలు, ఎందుకంటే దాంతో మనుషులే పోతారు. బంపర్‌కి కట్టొద్దు, వెనక ట్రెయిలర్ తగిలించే గుండుకి అసలే కట్టొద్దు, ఊడితే అది ఫిరంగి గుండే. ఛాసిస్‌కి బిగించిన కొక్కేనికి, 4.75 టన్నులని చెక్కి ఉన్న 19 మిల్లీమీటర్ల షాకిల్ (పిన్ను బిగించే ఇనుప కడియం)తో కట్టాలి. తాడు మధ్యలో తడి దుప్పటి వెయ్యాలి. తాడు పొడవుకి ఒకటిన్నర రెట్లు దూరంలో జనం. మన వీడియోలో పిల్లలు ఆ తాడు పక్కనే నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

ఇంకో పాత బాకీ ఉంది, అదీ తీర్చేస్తా. వైజాగ్ నుంచి, హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లకి కొండ కనబడితే చాలు, అరకే. దేవమాలి అరకట, దుడుమ జలపాతం అరకట, 2018లో గురుప్రియ వంతెన తెరిచిన చిత్రకొండ కూడా "అరకు దగ్గర హిడెన్ స్పాట్". ఒడిశా విడి రాష్ట్రమైన 1936 ఏప్రిల్ 1 దాకా ఇవన్నీ విశాఖపట్నం ఏజెన్సీలోనివే, ఒప్పుకుంటా. మరి ఆ తర్వాత ఇక్కడ మిగిలిపోయిన తెలుగువాళ్లం ఏమైపోయామనుకున్నారు? ఆవిరయ్యామా? సెమిలిగూడ, సునాబెడ, జయపురం, రాయగడ, ఏ బజారులో నిలబడినా తెలుగు వినబడుతుంది. మీకు వినబడదు. టీ కొట్టు దగ్గర బండి ఆపి, అద్దం సగం దించి, "భయ్యా, దేవమాలీ కా రాస్తా?" అంటారు. ఆ కొట్టావిడ సాలూరు ఆడపడుచు. "తిన్నగెళ్లి ఎడం పక్కకి తిరగండి బాబూ" అంటే, "అరే, మీకు తెలుగొచ్చా ఆంటీ!" అని ఆశ్చర్యం. ఒడిశా వాళ్లకి మేం ఆంధ్రోళ్లం, ఆంధ్రా వాళ్లకి మేం ఒడియావాళ్లం, మీకు మాత్రం బండి దిగబడినప్పుడు పనికొచ్చే లోకల్స్‌మి.

సరే, తిరుగు ప్రయాణంలో సాలూరు ఘాటీ దిగే ముందు సెమిలిగూడలో గాలి మళ్లీ 32కి కొట్టించుకోండి. 18 మీద తారు రోడ్డు ఎక్కితే టైరు పక్కలు కాగి మలుపులో పేలుతుంది. పంక్చర్ షాపు కుర్రాడితో కూడా తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు మాత్రం బేరమాడకుండా ఇవ్వండి.