ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ విప్పకండి: ఆ ‘ఏడు సూత్రాల’ సందేశానికి జవాబు

ఈ నెలలో ఒకే సందేశం నాకు తొమ్మిదిసార్లు వచ్చింది. ‘నిలిపి ఉంచిన కారు బ్యాటరీ దిగిపోతోందా? మెకానిక్ అవసరం లేదు, ఈ ఏడు సూత్రాలు చాలు’ అని మొదలై, ‘పది మందికి పంపి పుణ్యం కట్టుకోండి’ అని ముగుస్తుంది. పంపినవారందరూ నా మేలు కోరేవారే. వారిలో ఇద్దరు ఇంజనీర్లు. మొదటి మూడుసార్లు మర్యాదగా వివరంగా జవాబు రాశాను. తర్వాత ఊరుకున్నాను. తొమ్మిదోసారి పంపినవారు మా బావగారు. ఆ సందేశంలోని మొదటి సూత్రాన్ని నమ్మి ఏడాదిలో రెండు కొత్త బ్యాటరీలు కొన్నారు. రెండూ దిగిపోయాయి. ‘ఇక రెండో సూత్రం ప్రయత్నిస్తాను’ అని రాశారు. అది చదవగానే ఫోను చేసి ఆపాను. ఇక ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు.

చిన్నవి ముందు ముగిస్తాను.

విప్పిన బ్యాటరీని సిమెంటు నేల మీద పెడితే నేల ఛార్జింగును లాగేస్తుందన్నది ఐదో సూత్రం. లాగదు. ఇప్పటి బ్యాటరీల పెట్టె ప్లాస్టిక్. నేల మీద పెట్టినా బల్ల మీద పెట్టినా తేడా లేదు.

బ్యాటరీలో నీటిమట్టం తగ్గితే యాసిడ్ పోయాలన్నది ఆరో సూత్రం. వద్దు. ఆవిరై, వాయువుగా మారి బయటికి పోయేది నీరే, యాసిడ్ లోపలే ఉంటుంది. పోయవలసింది డిస్టిల్డ్ వాటర్, అది కూడా మూతలు తెరుచుకునే బ్యాటరీ అయితేనే. యాసిడ్ పోస్తే గాఢత పెరిగి లోపలి పలకలు త్వరగా పాడవుతాయి.

ఇక రెండో సూత్రం. నన్ను ఇది రాయడానికి కూర్చోబెట్టింది ఇదే. సందేశంలో ఉన్నది ఉన్నట్టు: ‘ఇంజన్ స్టార్ట్ చేయండి. నడుస్తుండగా బ్యాటరీ నెగటివ్ తీగ విప్పేయండి. ఇంజన్ ఆగిపోతే ఆల్టర్నేటర్ పాడైనట్టు. నడుస్తూనే ఉంటే బ్యాటరీ పాడైనట్టు.’ ఆల్టర్నేటర్ అంటే ఇంజన్ బెల్టుతో తిరుగుతూ కరెంటు తయారుచేసి బ్యాటరీని నింపే యంత్రం.

ఈ పరీక్ష ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. కార్లలో అదే పనికి పాతరకం డైనమోలు ఉండి, కంప్యూటర్లు లేని కాలంలో కొందరు మెకానిక్‌లు ఇలా చూసేవారు. 1960ల నుంచి డైనమోల స్థానంలో ఆల్టర్నేటర్లు వచ్చాయి. తర్వాత ఇంజన్ దగ్గర మొదలై బ్రేకుల దాకా, తలుపుల తాళాల దాకా అన్నిటికీ ఎలక్ట్రానిక్ యూనిట్లు వచ్చాయి. కారు మారింది, సలహా మాత్రం మారలేదు.

నడుస్తున్న ఇంజన్ మీద ఆ తీగ విప్పితే ఏమవుతుందో చెబుతాను. దిగిపోయిన బ్యాటరీలోకి ఆల్టర్నేటర్ ఆ క్షణంలో పదుల ఆంపియర్ల కరెంటు పంపుతూ ఉంటుంది. ఆ దారిని ఒక్కసారిగా తెంచేస్తే, ఆల్టర్నేటర్ లోపలి అయస్కాంత క్షేత్రం అదే క్షణంలో తగ్గిపోదు. వోల్టేజిని సరిచూసే రెగ్యులేటర్ దాన్ని అదుపులోకి తెచ్చేలోపు వోల్టేజి పైకి ఎగురుతుంది. దీన్ని లోడ్ డంప్ అంటారు. ఇది ఊహాగానం కాదు. కార్లలో వాడే ఎలక్ట్రానిక్ పరికరాల పరీక్షల కోసం అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ రాసిన 16750-2 ప్రమాణంలో, 12 వోల్టుల వాహనాల్లో అదుపు లేని లోడ్ డంప్‌కు 79 నుంచి 101 వోల్టులు తీసుకున్నారు. అది 400 మిల్లీసెకన్ల దాకా నిలవవచ్చు. ఆల్టర్నేటర్‌లోనే రక్షణ డయోడ్లు ఉంటే దాదాపు 35 వోల్టుల దగ్గర ఆగుతుంది. అది కూడా కారులో మామూలుగా ఉండే వోల్టేజికి రెండింతలకు పైనే. మీ కారులో ఆ డయోడ్లు ఉన్నాయో లేదో, ఉన్నా ఇంకా బాగున్నాయో లేదో సందేశం పంపినవారికి తెలుసా? ఇంజన్ యూనిట్ కాలిపోతే కొత్తది వారు కొనిస్తారా?

అది ఒక్కటే కాదు. ఛార్జింగు అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. కరెంటు పారుతున్న తీగను టెర్మినల్ దగ్గర విప్పితే నిప్పురవ్వ తప్పదు. హైడ్రోజన్ పక్కన నిప్పురవ్వ అంటే బ్యాటరీ పేలవచ్చు, యాసిడ్ ముఖాన పడవచ్చు. పక్కనే ఫ్యాను, బెల్టు తిరుగుతూ ఉంటాయి. ఇంట్లో పిల్లలను పిలిచి చూపిస్తూ చేయమని కూడా సందేశంలో ఉంది! నాకు ఒళ్లు మండింది అక్కడే.

పోనీ, ఇంత ప్రమాదానికి ఒడిగడితే జవాబైనా దొరుకుతుందా? దొరకదు. కరెంటును ఒకే దిక్కుకు పంపే డయోడ్లు ఆల్టర్నేటర్‌లో ఉంటాయి, వాటిలో కొన్ని పోయినా అది ఇంజన్‌ను ఆగకుండా నడిపించగలదు. బాగున్న ఆల్టర్నేటర్ ఉన్న కారు కూడా వోల్టేజి కుదుపుకు ఆగిపోవచ్చు. ఇంజన్ నడుస్తూ ఉంటే బ్యాటరీ పాడైనట్టు ఎలా అవుతుంది? తీసి పక్కన పెట్టిన బ్యాటరీ గురించి ఆ ఇంజన్ ఏమి చెబుతుంది? అసలు మనం అడిగిన ప్రశ్న, నిలిపి ఉంచినప్పుడు బ్యాటరీ ఎందుకు దిగుతోందని. దానికి ఇంజన్ నడిపి జవాబు వెతకడం ఏమిటి?

ఆల్టర్నేటర్‌ను అనుమానిస్తే వోల్టులు, ఆంపియర్లు కొలిచే మామూలు మల్టీమీటర్ చాలు. బండి కొన్ని గంటలు కదలకుండా ఉన్నాక బ్యాటరీ టెర్మినళ్ల మధ్య చూడండి. నిండుగా ఉంటే 12.6 వోల్టులు, సగం ఉంటే 12.2, దాదాపు ఖాళీ అయితే 12 కంటే తక్కువ. ఇప్పుడు స్టార్ట్ చేసి మళ్లీ చూడండి. 13.8కీ 14.7కీ మధ్య ఉంటే ఛార్జింగు వెళుతున్నట్టే. కొన్ని కొత్త కార్లు ఇంధనం ఆదా కోసం కావాలనే ఈ వోల్టేజిని తగ్గిస్తూ పెంచుతూ ఉంటాయి కాబట్టి ఒక్కసారి చూసి తీర్పు చెప్పకండి. ఏ తీగా విప్పనక్కరలేదు.

నాలుగో సూత్రం రెండోదానికి తమ్ముడు. ఇంజన్ ఆపి, నెగటివ్ తీగ తీసి, మళ్లీ తాకించి చూడాలట. నిప్పురవ్వ కనబడితే ఎక్కడో కరెంటు లీకవుతున్నట్టట. ఏ లీకూ లేని కారులో కూడా నిప్పురవ్వ వస్తుంది. ఎలక్ట్రానిక్ యూనిట్లలో కాస్త కరెంటు నిల్వచేసుకునే కెపాసిటర్లు ఆ క్షణంలో నిండుతాయి, యూనిట్లు మేలుకుంటాయి. రవ్వను చూసి కరెంటు ఎంతో కొలవలేము.

ఇప్పుడు మొదటి సూత్రం, మా బావగారి చేత రెండు బ్యాటరీలు కొనిపించినది: ‘నిలిపిన బండి బ్యాటరీ దిగిందంటే బ్యాటరీ ఆయువు తీరినట్టే, కొత్తది వేయించండి.’ బ్యాటరీ మూడు నాలుగేళ్ల పాతదైతే అది నిజం కావచ్చు, కాదనను. కానీ కారు ఆపి తాళం వేసినా కరెంటు పూర్తిగా ఆగదు. గడియారం, అలారం, తాళం సంకేతం వినే రిసీవర్ పనిచేస్తూనే ఉంటాయి. ఇవన్నీ కలిపి 50 మిల్లీ ఆంపియర్ల లోపు, అంటే 0.05 ఆంపియర్ లోపు తీసుకుంటే సాధారణం. ఒక ఆంపియర్ గంటసేపు పారితే ఒక ఆంపియర్ గంట, ఆ లెక్కన రోజుకు 1.2 ఆంపియర్ గంటలు. 45 ఆంపియర్ గంటల బ్యాటరీ సగానికి రావడానికి రెండున్నర వారాలు పైనే పడుతుంది. దీనికి బదులు డిక్కీలో 5 వాట్ల బల్బు ఆరకుండా వెలుగుతూ ఉంటే? 0.4 ఆంపియర్లు. రోజుకు దాదాపు 10 ఆంపియర్ గంటలు. అయిదో రోజుకు బ్యాటరీ ఖాళీ.

బావగారు వారానికి ఒకసారే బండి తీస్తారు. అంటే ప్రతి వారం కొత్త బ్యాటరీ అడుగంటేది. సెల్ఫ్ మోటారు తిప్పడానికి చేసిన బ్యాటరీ క్షణకాలం భారీ కరెంటు ఇవ్వడానికే తయారైంది. పదేపదే అడుగంటితే పలకల మీద లెడ్ సల్ఫేట్ స్ఫటికాలు గట్టిపడి, నిజంగానే పాడవుతుంది. అప్పుడు దుకాణంలో పరీక్షిస్తే ‘బ్యాటరీ పోయింది’ అనే చెబుతారు. వారు అబద్ధమాడలేదు. అయితే ఆ బ్యాటరీని చంపినది కారులోనే ఉంది, దాన్ని ఎవరూ వెతకలేదు. కొత్తది వేయించిన ప్రతిసారీ కొన్నాళ్లు బాగుండడం వల్ల సందేశం చెప్పినదే నిజమనిపించింది. ఈ సూత్రం మీద నాకున్న కోపం అందుకే.

వెతికే పద్ధతి కష్టమైనది కాదు, ఓపిక మాత్రం కావాలి. ముందు బానెట్ తెరవండి. తలుపు తెరిచి, దాని గొళ్లాన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసి పెడితే కారు ఆ తలుపు మూసే ఉందనుకుంటుంది, ఫ్యూజులు మీకు అందుతాయి. తాళాన్ని దూరంగా పెట్టండి. ఇంజన్ ఆపి, నెగటివ్ తీగ విప్పి, తీగకూ టెర్మినల్‌కూ మధ్య మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల సాకెట్‌లో కలపండి. ఆ తర్వాత తాళం తిప్పకండి, సెల్ఫ్ కొట్టకండి, మీటరు ఫ్యూజు పోతుంది. మొదట అంకె పెద్దగా కనిపిస్తుంది. కంగారు పడకండి, యూనిట్లు ఇంకా మెలకువగా ఉన్నాయి. అవి నిద్రపోవడానికి కొన్ని కార్లలో 20 నిమిషాలు, కొన్నిటిలో గంట పడుతుంది. ఎక్కువమంది ఇక్కడే తొందరపడి లేని లీకు ఉందనుకుంటారు.

గంట తర్వాత కూడా అంకె 50 మిల్లీ ఆంపియర్ల కంటే బాగా ఎక్కువగా ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి చూడండి. ఏది తీస్తే అంకె పడిపోతుందో దోషి ఆ వరుసలో ఉంది. ఫ్యూజు తీసి పెట్టడం వల్ల యూనిట్లు మళ్లీ మేలుకోవచ్చు కాబట్టి, తెలిసినవారు ఫ్యూజు తీయకుండా దాని రెండు కొనల మధ్య మిల్లీవోల్టులు కొలుస్తారు. అన్ని ఫ్యూజులూ తీసినా అంకె తగ్గకపోతే ఆల్టర్నేటర్‌ను అనుమానించండి. దాని లావుపాటి తీగ సాధారణంగా ఈ ఫ్యూజుల గుండా రాదు, పాడైన డయోడు గుండా రాత్రంతా కరెంటు వెనక్కి పోవచ్చు. కారు కొన్నాక విడిగా బిగించుకున్న కెమెరాలు, యాంప్లిఫయర్లు, ట్రాకర్లు కూడా చూడండి. స్టీరింగు కింద, కారు లోపాలను చదివే పరికరం కోసం ఉండే ఓబీడీ సాకెట్‌లో గుచ్చి మరిచిపోయిన పరికరాలు మరీ ముఖ్యం, ఆ సాకెట్‌లో 16వ పిన్నుకు ఎప్పుడూ కరెంటు ఉంటుంది.

బావగారి కారులో మీటరు 0.43 ఆంపియర్ల దగ్గర నిలిచింది. లోపలి దీపాల ఫ్యూజు తీయగానే 0.03కి పడింది. ఫోనులో వీడియో పెట్టి డిక్కీలో ఉంచి మూసి, తర్వాత చూశాము. వీడియో మొత్తం వెలుగే.

మూడో సూత్రం: ‘రోజూ పది నిమిషాలు ఇంజన్ ఆన్ చేసి వదిలేయండి.’ సెల్ఫ్ కొట్టడానికి పోయేది తక్కువే, సుమారు 0.1 ఆంపియర్ గంట. అది తిరిగొస్తుంది. కానీ డిక్కీ దీపం తినేసిన 10 ఆంపియర్ గంటలు తిరిగిరావు. నిలబడి తిరిగే ఇంజన్ మీద ఆల్టర్నేటర్ పూర్తి బలంతో పనిచేయదు. బ్యాటరీ కూడా నిండేకొద్దీ నెమ్మదిగా తీసుకుంటుంది. వారానికోసారి అరగంటకు పైగా రోడ్డు మీద నడపండి, లేదా ఛార్జర్ పెట్టండి. నెలల తరబడి తీయకపోతే ఇంజన్ ఆపి ఉన్నప్పుడు నెగటివ్ తీగ విప్పి ఉంచండి.

చివరిది ఏడో సూత్రం: ‘కారు తాళాన్ని కారు పక్కన పెట్టవద్దు.’ దీన్ని ఒక్క వాక్యంలో కొట్టిపారేద్దామనుకున్నాను. ఆగి ఆలోచిస్తే, బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్ల విషయంలో ఇది సరైన మాటే. తాళం కారుకు మీటరు దూరంలో గోడకు వేలాడుతూ ఉంటే, రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుతూ కొన్ని యూనిట్లు నిద్రపోకుండా ఉండవచ్చు. కారుతోపాటు తాళంలోని చిన్న బ్యాటరీ కూడా తరుగుతుంది. ఎనిమిదిసార్లు చదివి కూడా నేను ఈ వాక్యం మీద నిలవలేదు. అది నా తప్పు, రాసినవారికి ఆ మాట దక్కాలి.

కాబట్టి ఆ సందేశం ఇంకా ఎవరికైనా పంపాలని ఉంటే ఏడోదాన్ని ఒక్కదాన్నే పంపండి. ఇప్పటికే పంపినవారు, ఎవరెవరికి పంపారో వారికి ఈ రోజే రెండోది చేయవద్దని రాయండి.