సీసాల గోడ కంటే బచ్చలి పాదు నయం

ఆంధ్రా సరిహద్దున ఒడిశాలోని పర్లాకిమిడి దగ్గర ఒక బడి, పేరెందుకు లెండి. డిసెంబరులో ప్రహరీ గోడకి యాభై అరవై కూల్‌డ్రింక్ సీసాలు అడ్డంగా పడుకోబెట్టి పై పక్క కోసి, తాళ్లతో వరసలుగా వేలాడదీసి, రంగులేసి, వాటిలో కొత్తిమీర, పుదీనా, టేబుల్ రోజాలు పెట్టారు. అందరూ ఫోటోలు దిగారు, నేనూ స్టేటస్ పెట్టాను. ఏప్రిల్లో మేనల్లుణ్ని దింపడానికి వెళ్తే పై రెండు వరసలూ ఎండుగడ్డి, కింది వరసలో వేళ్లు కుళ్లి బురద వాసన. కుళాయి పక్కనున్న ఒక్క పుదీనా బతికింది.

తప్పు పిల్లలది కాదు, టీచర్లది కూడా పెద్దగా కాదు. లెక్కే తప్పు. 2 లీటర్ల సీసాని అలా కోస్తే పట్టేది లీటరు మట్టి, పడమటెండ తగిలే గోడ మీద అది ఒక్క పూటలో ఆరిపోతుంది. పైన పోసిన నీళ్లు ఒక్కో సీసాలోంచి కారుతూ కిందికి దిగి అన్నీ తడుస్తాయనుకుంటాం గానీ, పైవాటిలో నీళ్లు నిలవవు, కిందివాటిలోంచి పోవు. అలా నిలిచిపోతే వారం పది రోజుల్లో డెంగీ దోమలు రెక్కలొచ్చి ఎగిరిపోతాయి. ఎండలు ముదిరితే ఒంటిపూట బడి, ఆ తర్వాత జూన్ దాకా సెలవులు. మరి సాయంత్రం నీళ్లు పోసేదెవరు?

నాకు ఒళ్లు మండింది మాత్రం 'రీసైక్లింగ్' అన్న బోర్డు చూసి. తలో రెండు సీసాలు తెమ్మంటే, ఇంట్లో లేని పిల్లలు కొట్లో కూల్‌డ్రింక్ కొనుక్కుని తాగి మరీ తెచ్చారు. ఖాళీ సీసా శుభ్రంగా ఉంటే పాత సామాన్లవాడు కిలోల లెక్కన కొంటాడు, అది కరిగి పాలిస్టర్ దారమో ఇంకోటో అవుతుంది. ఎనామిల్ పెయింటు పూసి, తాడు గుచ్చి, మట్టి కూరాక వాడు ముట్టడు. రీసైకిల్ అయ్యే వస్తువుని మనమే చేతులారా చెత్త చేశాం.

అసలు ఎవరూ కొననివి బడిలో వేరే ఉన్నాయి: పగిలిన బక్కెట్లు, అడుగు చీలిన సున్నం డబ్బాలు. 15 లీటర్ల మట్టి పట్టే బక్కెట్టు అడుగున చిల్లులు పొడిచి, గులకరాళ్లు పరిచి, మట్టిలో మాగిన పేడ ఎరువు కలిపి నింపి నేల మీదే పెట్టండి. గోడకి కావలసింది మట్టి బరువు కాదు, పాకే తీగ మొక్క. అది పాకడానికి వెదురు బద్దలు, కొబ్బరి తాడు చాలు. 2018 అక్టోబరులో ఇక్కడ తిత్లీ తుపాను చూసినవాళ్లకి గోడకి వేలాడే వస్తువుల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

1938లోనే అమెరికాలో స్టాన్లీ హార్ట్ వైట్ అనే ప్రొఫెసర్ ఈ మొక్కల గోడకి పేటెంట్ తీసుకున్నాడు. ఫ్రాన్సులో ప్యాట్రిక్ బ్లాంక్ అనే వృక్షశాస్త్రవేత్త కట్టే మొక్కల గోడలు కళ్లు తిప్పుకోనివ్వవు, కానీ వాటి వెనక పైపులూ పంపులూ పనిచేస్తుంటాయి. ఆ పంపు తీసేసి బొమ్మ మాత్రం మన బడికి తెచ్చుకున్నాం. చిక్కుడు పందిరి, ఇంటి కప్పు మీద గుమ్మడి, దడి మీద బీర పాదు ఎప్పట్నుంచో ఉన్న ఊళ్లో!

అదే బడి వంటగది కిటికీకి బచ్చలి ఎగబాకింది. వంట చేసే అప్ప, పప్పులోకి ఆకు దూసుకున్నాక మిగిలిన కాడని విరిగిన బక్కెట్లో గుచ్చిందట. ఒడియా పిల్లలు 'పోయి' అంటారు, మనవాళ్లు బచ్చలంటారు, దాల్మాలో, అంటే కూరగాయలేసిన ఒడియా పప్పులో, వేస్తే ఇద్దరూ తింటారు. కంచాలు కడిగిన మొదటి నీళ్లే, సబ్బు తగలకముందువి, దానికి పోస్తుంది. "ఆ సీసాలకి పోసిన నీళ్లలో సగం దీనికి పోసుంటే గోడంతా పాకిపోయేది బాబూ" అంది.

సీసాలే కావాలంటే కుళాయి పక్కన నీడలో ఓ అరడజను, పుదీనాకి చాలు. మిగతా గోడకి బచ్చలి కాడలు జూన్లో, బడి తెరిచి వానలు పడ్డాక గుచ్చండి. సెలవుల్లో ఎవరు ఏ రోజు నీళ్లు పోయాలో కాగితం మీద రాసి ఇప్పుడే ఆఫీసు తలుపుకి అంటించండి.