పెట్టె తెరవకుండా దాస్తే లక్షలొస్తాయా బావగారూ?

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో నెలకోసారైనా తిరిగే మెసేజ్ ఒకటుంది. పైన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం ఫొటో, కింద నాలుగైదు లైన్లు. ఇవి కొన్నే కొట్టారు, ఇక దొరకవు. వెండిది కాబట్టి నష్టం ఉండదు. ఆన్‌లైన్‌లో నాణేలకు లక్షలిస్తున్నారు. మింట్ (టంకశాల) ఇచ్చిన పెట్టె ఉంటే రేటు రెట్టింపు. అందుకని సీల్ తీయకుండా బీరువాలో పెట్టి మర్చిపోండి. పోయిన వారం మా బావగారు దాన్నే నాకు పంపి "నువ్వు రెండు కొన్నావుగా, అదృష్టవంతుడివి" అన్నారు. స్మారక నాణేలు పోగేయడం నాకు పదిహేనేళ్ల పిచ్చి, లక్షలే వచ్చుంటే ఆయనకి ఈపాటికి తెలిసేది కాదా!

"ఇక దొరకవు" అన్న మాటతో మొదలుపెడదాం. ఈ నాణేన్ని 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో ద్రౌపది ముర్ము విడుదల చేశారు, తయారైంది మన హైదరాబాద్ మింట్‌లో. తొలి విడత 12 వేలని అప్పట్లో పేపర్లలో వచ్చింది. తొలి విడత అన్నారంటేనే అడిగేవాళ్లుంటే ఇంకా కొడతారని కదా. పాత ప్రూఫ్ సెట్లను, అంటే సేకరించేవాళ్ల కోసం ప్రత్యేకంగా మెరుగుపెట్టి కొట్టే నాణేల సెట్లను, ముంబయి మింట్ ఏళ్ల తర్వాత మళ్లీ కొట్టి అమ్మిన సంగతి నాణేలవాళ్లందరికీ తెలుసు, వాటిని రీస్ట్రైక్ అంటాం. అదలా ఉంచండి, పాత నాణెం ఏదైనా ఎందుకు అరుదవుతుంది? చేతులు మారి అరిగిపోయి, కరిగిపోయి, ఎక్కడో పడిపోయి చివరికి కాసిని మిగులుతాయి కాబట్టి. స్మారక నాణేన్ని కొన్న ప్రతివాడూ పసిపిల్లాడిలా చూసుకుంటాడు, ఒక్కటీ పోదు. బ్రిటన్‌లో 1965లో చర్చిల్ బొమ్మతో క్రౌన్ నాణెం తెస్తే కోటీ తొంభై లక్షలకు పైగా కొట్టారు, జనం ఇంటింటా దాచారు, అరవయ్యేళ్లు దాటినా దానికి మామూలుగా పలికేది కొద్ది పౌండ్లే.

ఇక వెండి సంగతి. నాణెం బరువు 35 గ్రాములు, అందులో వెండి సగమే, మిగతాది రాగి 40 శాతం, నికెల్ 5, జింకు 5. అంటే వెండి పదిహేడున్నర గ్రాములు. విడుదలైనప్పుడు కిలో వెండి 75–80 వేల మధ్య ఉంది, ఆ లెక్కన లోపలున్న వెండి ఖరీదు పద్నాలుగు వందలు దాటదు. చెక్కపెట్టెలో ఉన్న నాణేన్ని మింట్ అమ్మింది 4,850 రూపాయలకి. ఆ తర్వాత వెండి బాగా పెరిగింది, కాదనను. కానీ ఆ రోజు అదే డబ్బుతో వెండే కొనుక్కుంటే దాదాపు అరవై గ్రాములు వచ్చేది. పైగా అవసరానికి కరిగిద్దాంలే అనుకుంటే కుదరదు, 2011 నాటి నాణేల చట్టం ప్రకారం నాణేన్ని కరిగించడం నేరం. పోనీ ముఖవిలువ చూద్దామా అంటే అది వంద రూపాయలు.

ఆన్‌లైన్‌లో లక్షలిస్తారన్న దాని మీద ఎక్కువ రాయను. వైష్ణోదేవి బొమ్మున్న అయిదు, పది రూపాయల నాణేలు మామూలుగా చలామణిలోకి వచ్చినవే, వాటికి పది లక్షలంటూ ఎన్ని మెసేజ్‌లు తిరగలేదు! ముందు కమీషన్ కట్టమంటారు, కట్టగానే ఫోన్ స్విచ్ఛాఫ్. తమ పేరుతో కమీషన్లు, ట్యాక్సులు అడిగేవాళ్లను నమ్మొద్దని, ఇలాంటి కొనుగోళ్లతో తమకు సంబంధం లేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది.

అసలు గొడవ పెట్టెతోనే. పెట్టెకు విలువ లేదని నేను అనను, నాకూ అదంటే మోజే. కానీ ఎంత విలువ? మింటే చెప్పింది. చెక్కపెట్టెతో 4,850, ప్రూఫ్ ఫోల్డర్‌తో 4,380, యూఎన్‌సీ (ప్రూఫ్ కాకుండా మామూలుగా కొట్టి, చలామణిలోకి వెళ్లనిది) ఫోల్డర్‌తో 4,050. పెట్టెకీ ప్రూఫ్ ఫోల్డర్‌కీ తేడా 470 రూపాయలు. ప్రూఫ్ నాణెమంటే ప్రత్యేకంగా మెరుగుపెట్టిన అచ్చుతో ఒకటికి రెండుసార్లు కొట్టి తీసేది, ఆ పనితనానికి వేసుకున్న తేడా 330. అంటే అమ్మిన రోజునే నాణెం మీద పడ్డ కష్టం కంటే చెక్కముక్కకి ఎక్కువ ఇచ్చాం. అది రేపు రెట్టింపు ఎలా అవుతుందో ఆ మెసేజ్ రాసిన మహానుభావుడే చెప్పాలి.

పెట్టె అసలుదైతే నాణెమూ అసలుదే అనుకోవడం ఇంకో భ్రమ. అందులో నేనూ పడ్డాను. ఓ ఎగ్జిబిషన్‌లో ఒక డీలర్ దగ్గర 1980ల నాటి ప్రూఫ్ సెట్ కొన్నా, పెట్టె మింట్‌దే, మఖమల్ గుడ్డ కూడా చెక్కుచెదరలేదు, ఆ సంబరంలో నాణేన్ని సరిగ్గా చూడనేలేదు. ఇంటికొచ్చి లైటు కింద తిప్పితే నాణెం మీద బొమ్మ చుట్టూ ఉండే ఖాళీ జాగా నిండా సన్నటి గీతలు, మామూలు నాణేన్ని పాలిష్ పట్టి అందులో కూర్చోబెట్టారు. ఖాళీ పెట్టెలు విడిగా అమ్ముడుపోతాయని అప్పుడే తెలిసింది.

సీల్ తీయొద్దన్న సలహా అన్నిటికంటే చెడ్డది. చెక్క నుంచీ, దాన్ని అతికించిన జిగురు నుంచీ మెల్లగా ఆమ్లపు ఆవిరి వస్తుంది, కొన్ని గుడ్డల్లో, స్పాంజిల్లో గంధకం ఉంటుంది, అది తగిలితే వెండి నల్లబడుతుంది. మాలాగా సముద్రం పక్కన ఉన్న ఊళ్లయితే చెమ్మ దీనికి తోడు. పదేళ్లు మర్చిపోయి తీస్తే ఎన్టీఆర్ చెంప మీద మచ్చ కనిపించొచ్చు. పక్కన కలరా ఉండలు అస్సలు పెట్టకండి, ఆ వాసనకు కొన్ని రకాల ప్లాస్టిక్ మెత్తబడి అతుక్కుంటుంది. నేనైతే నాణేన్ని గాలి చొరబడని క్యాప్సూల్‌లో వేసి, సిలికా జెల్ పొట్లం పెట్టి వేరే డబ్బాలో ఉంచుతా. పెట్టె, సర్టిఫికెట్ ఇంకో అరలో. మూడు నెలలకోసారి తీసి చూస్తా, పట్టుకుంటే అంచులే పట్టుకుంటా.

ఇంతకీ నా దగ్గర రెండు లేవు బావగారూ. రెండోది పోయిన దీపావళికి లక్ష్మీపూజలో పెడతానని అక్క అడిగితే ఇచ్చాను, తెల్లారి విభూతితో శుభ్రంగా తోమి "చూడరా, ఎంత తెల్లగా వచ్చిందో" అని ఫొటో కూడా పంపింది. అది మీ పూజగదిలోనే ఉంది, పెట్టె మాత్రం నా దగ్గర ఖాళీగా ఉంది, రేటెంతో మీ మెసేజ్ రాసినాయన్ని అడిగి చెప్పండి.