ఆ 6 టైటిళ్లు సోపోత్‌వా, గ్దినియావా?

పోలాండ్ బాస్కెట్‌బాల్ లీగ్‌లో 2004 నుంచి 2012 దాకా వరసగా 9 సార్లు ఒకే క్లబ్బు ఛాంపియన్. చిక్కేంటంటే మొదటి 6 గెలిచినప్పుడు అది సోపోత్ ఊళ్లో ఉంది, చివరి 3 గెలిచేసరికి పక్కనున్న గ్దినియాకి మకాం మార్చేసింది, అదే టైంలో సోపోత్‌లో ట్రెఫ్ల్ అనే పాత పేరుతో ఇంకో క్లబ్బు పుట్టింది. మరి ఆ 6 ఎవరి ఖాతా? కింద శేషు అంటే దాదాపు నేనే. గిరి బావని ఓడిద్దామనే మొదలుపెట్టా.

గిరి: ఒరేయ్ శేషూ, ఇందులో వాదించడానికి ఏముందిరా? 2009లో లీగ్‌లో ఆడే హక్కు, అదే లైసెన్స్, గ్దినియాకి వెళ్లింది, ప్లేయర్లు వెళ్లారు, కోచ్ పచేసస్ వెళ్లాడు, డబ్బులు పెట్టేవాడు వెళ్లాడు. రికార్డుల్లో 9కి 9 గ్దినియావే. అయిపోయింది, టీ తాగు.

శేషు: టీ తర్వాత తాగుదాం గానీ బావా, అసలు ఆ క్లబ్బు ఎలా పుట్టిందో ముందు విను. 1995లో సోపోత్‌లో వ్యెజ్‌బిత్స్కి అని ఒకాయన, పేకముక్కలూ, ముక్కలు పేర్చే పజిల్ బొమ్మలూ చేసే ట్రెఫ్ల్ కంపెనీ ఆయనది, పోలిష్‌లో ట్రెఫ్ల్ అంటే మన కళావరు, ఆయన మొదలుపెట్టాడు. రెండేళ్లు తిరక్కుండా 1997కి పై లీగ్‌కి వచ్చేశారు, 2000లో పోలిష్ కప్ కొట్టారు. క్రౌజె అనే ఆయన కంపెనీ ప్రోకోమ్ సాఫ్ట్‌వేర్ డబ్బులు గట్టిగా దిగాక ప్రోకోమ్ ట్రెఫ్ల్ సోపోత్ అయింది. 2003 గుర్తుందా నీకు? యూరప్ కప్ ఫైనల్ గ్రీస్‌లోని తెస్సలోనికిలో, అవతలి జట్టు ఆరిస్ వాళ్ల సొంత గడ్డ మీద, 84-83, ఒక్కటంటే ఒక్క పాయింట్ తేడాతో పోయింది, అదే ఏడాది లీగ్ టైటిల్ కూడా అన్విల్ వ్లోత్స్వావెక్ క్లబ్బు ఎగరేసుకుపోయింది. అలా రెండు చోట్లా నోటి దాకా వచ్చి జారిపోయాక 2004లో మొదటి టైటిల్ వచ్చింది. అప్పుడు వాళ్లు ఆడేది ఊరి నూరేళ్ల పేరు పెట్టుకున్న ఆ చిన్న హాల్లో. ఆ ఏడాది గొంతులు పోయేలా అరిచింది ఎవరు, గ్దినియా వాళ్లా? కాపురం ఇంకో ఊరికి మార్చినంత మాత్రాన పెళ్లి జరిగిన ఊరు మారిపోతుందా బావా?

గిరి: పెళ్లి జరిగిన ఊరు మారదు. కానీ పెళ్లి ఎవరిది, ఊరిదా, కాపురం చేసేవాళ్లదా?

(ఇది తగిలింది, ఒప్పుకుంటున్నా.)

శేషు: సరే, అదే లీగ్‌లోని ఇంకో క్లబ్బు ష్లోన్స్క్ వ్రోత్స్వాఫ్ సంగతి చెప్పు మరి. 2008లో డబ్బుల్లేక లీగ్ నుంచి తప్పుకున్నారు, తర్వాత కింది లీగుల నుంచి మెట్టు మెట్టు ఎక్కి వచ్చారు, 2022లో లెగియా వార్సా మీద గెలిస్తే అందరూ 18వ టైటిల్ అనే లెక్కేశారు. మధ్యలో క్లబ్బు ఆగిపోయినా, యాజమాన్యాలు మారినా, 1965 నాటి మొదటి టైటిల్ దగ్గర్నుంచీ అన్నీ వాళ్లవే. అక్కడ చెల్లిన లెక్క సోపోత్ దగ్గరికొచ్చేసరికి ఎందుకు చెల్లదు?

గిరి: ఎందుకంటే ష్లోన్స్క్ ఆస్తికి ఇంకో వారసుడు లేడు కాబట్టి. వాళ్ల లైసెన్స్ పట్టుకుని పక్క ఊళ్లో ఎవడూ మూడు టైటిళ్లు కొట్టలేదు కదా. పైగా అది 1940ల నుంచి ఉన్న మిలిటరీ క్లబ్బురా, స్పాన్సర్లు జెప్టర్ అని, ఇడియా అని, డైష్‌మన్ అని తగిలించుకున్నా అసలు పేరు కదల్లేదు. మీ వాళ్లదో, మొదట కంపెనీ పేరు, తర్వాత రెండు కంపెనీల పేర్లు.

శేషు: కంపెనీ పేరు ఉంటే తప్పేంటి? సోపోత్ అని పక్కన ఉందిగా.

గిరి: ఆ ష్లోన్స్క్ రోజులే రోజులు. 1998 నుంచి 2002 దాకా వరసగా ఐదు. వాళ్లకాడిన ఆడమ్ వుయ్‌చిక్ లాంటి ప్లేయర్ మళ్లీ పుట్టడు.

శేషు: వుయ్‌చిక్ సోపోత్‌కి కూడా ఆడాడు బావా.

గిరి: ఆడితే? పుట్టింది వ్రోత్స్వాఫ్ పక్కన ఒవావాలో. ఆయన 10 నంబర్ జెర్సీని గౌరవంగా ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టింది ష్లోన్స్క్. లీగ్‌లో పదివేల పాయింట్లు దాటినోడు. ఆయన్ని నీ సోపోత్ ఖాతాలో వెయ్యకు.

శేషు: ఖాతాలో వెయ్యట్లేదు, ఆడాడు అంటున్నా అంతే. పాపం 2017లో బ్లడ్ క్యాన్సర్‌తో పోయాడు, 47 ఏళ్లకే.

గిరి: అవును. ... సరే ఎక్కడున్నాం?

శేషు: కంపెనీ పేర్ల దగ్గర.

గిరి: ఆఁ. 2008లో ప్రోకోమ్‌ని అసెకో అనే కంపెనీ మింగేసింది, ఆ సీజన్‌కి క్లబ్బు పేరు అసెకో ప్రోకోమ్ సోపోత్. ట్రెఫ్ల్ అన్న ముక్క ఎగిరిపోయింది. అంటే నువ్వు అడిగే ఆరింట్లో ఆరోది, 2009ది, ట్రెఫ్ల్ పేరు మీద కూడా లేదు. ఇంకోటి చెప్పనా, ఆ పేకముక్కల కంపెనీ ఆఫీసు ఇప్పుడు ఎక్కడుందో తెలుసా? గ్దినియాలో. ప్రోకోమ్ కూడా గ్దినియాలో పుట్టిన కంపెనీయే.

శేషు: కంపెనీ ఎక్కడైనా ఉండనీ, నేను కంపెనీ తరఫున మాట్లాడట్లేదు. అదే నా పాయింటు! నువ్వు లైసెన్స్ అంటావు, కాగితం అంటావు, ఆ కాగితం పట్టుకుపోయిన వాళ్లు దాన్ని ఎన్నాళ్లు నిలబెట్టారు చెప్పు. గ్దినియా వెళ్లిన మొదటి సీజన్ అద్భుతం, కాదనను, క్వింటెల్ వుడ్స్, డేవిడ్ లోగన్, డేనియల్ యూయింగ్ లాంటి ప్లేయర్లతో 2010లో యూరోలీగ్, అంటే యూరప్ పెద్ద క్లబ్బుల టోర్నీ, క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లి గ్రీస్ క్లబ్బు ఒలింపియాకోస్ చేతిలో 3-1తో పోయారు, ఆ ఒక్క మ్యాచ్ గెలిచిన రాత్రిని నేను కూడా మెచ్చుకుంటా. తర్వాత? 2012లో తొమ్మిదోది కొట్టారు, ఆ వెంటనే డబ్బు కుళాయి కట్టేశారు, ఒక సీజన్ తిరిగేసరికి యూరోలీగ్ లేదు, ఖరీదైన ప్లేయర్లు లేరు, లోకల్ కుర్రాళ్లతో నెట్టుకొచ్చారు. ఆ తర్వాత ఫుట్‌బాల్ క్లబ్బు అర్కా పేరు తగిలించుకున్నారు. మరి అర్కా గ్దినియా అభిమాని ఎవడైనా 2004 టైటిల్ తల్చుకుని ఏడుస్తాడా? వాడు అప్పుడు ఆ హాల్లో లేడు. సోపోత్ వాడు ఉన్నాడు. అమెరికాలో చూడు, షార్లెట్ హోర్నెట్స్ జట్టు న్యూ ఓర్లీన్స్ వెళ్లిపోయినా, 1988 నుంచి 2002 దాకా చరిత్రని 2014లో తిరిగి షార్లెట్‌కే ఇచ్చేశారు.

గిరి: ఇచ్చారు, అవతలివాళ్లు ఒప్పుకుని ఇచ్చారు. నువ్వు లాక్కుంటానంటున్నావు. సరే, ఒకటే అడుగుతా, సూటిగా చెప్పు. 2024లో ట్రెఫ్ల్ సోపోత్ ష్చెచిన్ కింగ్ మీద ఫైనల్ 4-3తో గెలిచింది కదా, జాన్ తబాక్ కోచ్. అది ఎన్నో టైటిల్ అని పండగ చేసుకున్నారు?

శేషు: ...

గిరి: చెప్పరా.

శేషు: మొదటిది.

గిరి: ఏడోది కాదుగా?

శేషు: కాదు. అయినా బావా, 2012 ఫైనల్ ఒక్కసారి తల్చుకో. ఎవరితో ఎవరు? అసెకో ప్రోకోమ్ గ్దినియా ఒకవైపు, కొత్త ట్రెఫ్ల్ సోపోత్ ఒకవైపు. ఏడు మ్యాచ్‌లు, 4-3. అంటే సోపోత్ వాడు స్టాండ్‌లో కూర్చుని, మూడేళ్ల కిందటి దాకా తనదే అనుకున్న క్లబ్బు చేతిలో తన ఊరి క్లబ్బు ఏడో మ్యాచ్‌లో ఓడిపోవడం చూశాడు. కాగితం ప్రకారం వాడు ఓడిపోయింది పరాయి జట్టు చేతిలో. వాడికి చెప్పు ఆ మాట.

గిరి: చెప్పను. నిజమే, చెప్పలేను. కానీ టైటిళ్లు మాత్రం ఇవ్వను. అయినా మీ ట్రెఫ్ల్ ఆడే ఎర్గో అరేనా సరిహద్దు గీత మీద కట్టారు కదరా, సగం గ్దాన్స్క్‌లో ఉంది, సగం సోపోత్‌లో. ఆ 2024ది కూడా సగం గ్దాన్స్క్‌కి రాసిచ్చెయ్.

శేషు: టీ చల్లారిపోయింది, ఇంకోటి చెప్పు బావా.