టిఫర్ గారికి విజయనగరం నుంచి ఒక అర్జీ

మహారాజశ్రీ ఏటీమెగా32 మైక్రోకంట్రోలర్ చిప్పు కాపురస్తులు, టైమర్ల సంగతులు గుర్తుపెట్టుకునే గడి అయిన టిఫర్ (TIFR) రిజిస్టరు గారి సముఖమునకు, విజయనగరం గంటస్తంభం దగ్గర మోటారు టైమర్ బోర్డులు చేసుకుని బతికేవాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మీకు ఉన్నవి ఎనిమిది బిట్లు, అంటే సున్నా గానీ ఒకటి గానీ పట్టే ఎనిమిది గళ్లు. మూడు టైమర్ల జెండాలనూ, అంటే టైమరు నిండడం లాంటిది జరిగితే ఒకటిగా లేచే గుర్తులనూ, వాటిలోనే సర్దేశారు, సరే. లేచిన జెండా దించాలంటే మాత్రం అక్కడ సున్నా రాయకూడదట, ఒకటి రాయాలట! బాకీ తీరిందని చెప్పడానికి మళ్లీ ప్రోనోటు రాయించుకునే షావుకారు మీరొక్కరే. చిప్పు వివరాల పుస్తకం డేటాషీటులో ఈ సంగతి ఒక్కో జెండా కింద ముక్తసరిగా ఓ వాక్యం.

చిప్పు కాళ్లను నడిపే రిజిస్టరు పోర్ట్‌బీ గారిది ఎంత మర్యాద! రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) వేయాలంటే పోర్ట్‌బీ |= (1 << 5), తీయాలంటే &= ~(1 << 5). పాత విలువ చదివి, ఐదో బిట్టు ఒక్కటే మార్చి తిరిగి రాయమని దాని అర్థం. పక్క బిట్ల జోలికి పోదు. ఒట్టి ఈక్వల్‌టూ పెడితే మిగతావి చెడతాయని కుర్రాళ్లకు నూరిపోసేది అందుకే.

ఆ పాఠం నమ్మే మా షాపు కుర్రాడు మీ గుమ్మంలో టిఫర్ |= (1 << 2) అన్నాడు. టైమర్1 నిండిన జెండా దించుదామని. ఆ క్షణానికి టైమర్2 జెండా, ఏడో బిట్టు (కుడి నుంచి సున్నాతో మొదలెట్టి లెక్క), అదీ లేచే ఉంది. చదివితే 10000100. రెండో బిట్టులో ఒకటి చేర్చినా (ఆర్ చేసినా) 10000100. దాన్నే తిరిగి రాశాడు, రెండూ దిగిపోయాయి! మేం సెకన్లు లెక్కపెట్టేది ఆ టైమర్2 జెండాతోనే. రోజూ ఇలా జరిగితే పట్టుకుందుం. రెండూ కలిసి లేచినప్పుడే కదా మీ చమత్కారం. అరగంటకు ఆగాల్సిన మోటారు ఆగకపోతే, నెల్లిమర్ల రైతు బోర్డు పట్టుకొచ్చి, "ఏటి బావూ, నీ డబ్బాకి నిద్దరొస్తందేటి?" అన్నాడు.

మీ పద్ధతిలో న్యాయం లేదనను. సున్నా రాసిన చోట మీరు పట్టించుకోరు కనుక, ఒక జెండా దించే లోపు ఇంకోటి లేచినా దానికి ఢోకా లేదు. టిఫర్ = (1 << 2) అంటే చాలు. అంటే ఊరంతా తిట్టే ఒట్టి ఈక్వల్‌టూయే మీ దగ్గర పెద్దమనిషి! తర్వాతి చిప్పు ఏటీమెగా328పీలో మీవాళ్లు టైమరుకొకరు చొప్పున వేరుపడ్డారు, ఆ బుద్ధి మీకు ముందే పుట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు సెకన్లు తప్పడం లేదు. ఎటొచ్చీ మా కుర్రాడు మీ ధర్మాన్ని పోర్ట్‌బీలోనూ పాటిస్తున్నాడు. ఒక రిలే వేస్తే మిగతావన్నీ టకటకా పడిపోతున్నాయి. ఈ ఖర్చు ఎవరి ఖాతాలో రాయమంటారో సెలవియ్యగలరు.

ఇట్లు,
మీ విధేయుడు